అది పెట్టి చూడమన్నాడు

“నేను తోమింది ఒక్కటేనే. నువ్వు నా బిళ్ళ తోమినట్టే తోమిన. బిడ్డ వచ్చినంక అది పెట్టి చూడమను.”

“ఇంక పెట్టి చూసుడు ఒక్కటే తక్కువైంది. పిల్ల బతుకుదెరువు మీద చింతపండు పూసినవ్. పో, ఎటన్న పోయి కూసో. నా కండ్ల ముంగట ఉండకు, పో.”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. మొదటివి నా భర్త ఓదెలువి, రెండోవి నావి. ఆయన లేచాడు. చెప్పులు తొడుక్కున్నాడు. గేటు గడియ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తుప్పు పట్టి గడియ రావడం లేదేమో అనుకున్నాను. ముందురోజే ఆయన దానికి నూనె పెట్టాడని తరువాత గుర్తొచ్చింది. అప్పటికి నేను లోపలికి తిరిగి చాటలో బియ్యం ఏరుతున్నాను. పొద్దు నడినెత్తికి రాకముందే ఆయన స్నేహితుడు సాయిలు బస్టాండు దగ్గరి చాయ్ హోటల్ నుంచి ఫోన్ చేశాడు. బల్ల మీద కూర్చున్న మనిషి చేతిలో గ్లాసుతోనే పక్కకు ఒరిగిపోయాడట. దవాఖానకు చేరేసరికే అయిపోయింది. గుండె అన్నారు.

నాకు చదువు లేదు. సంతకం వరకు వచ్చు. బస్సు బోర్డు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతలో బస్సు వెళ్ళిపోతుంది. నేను చెప్తుంటే నా బిడ్డ రజిత టైపు చేస్తున్నది, ఈ గొడవంతా దేని గురించి జరిగిందో అదే కంప్యూటర్ మీద. “అమ్మా, నువ్వు చెప్పేది పుస్తకాల భాషల పెడత, మాట్లాడుకున్న మాటలు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచుత” అన్నది. సరే అన్నాను. ఉన్నదున్నట్టు అన్నది కాబట్టే ఈ పనికి ఒప్పుకున్నాను.

బిళ్ళ అంటే ఏమిటో ముందు చెప్పాలి. అది చెప్పాలంటే నేను పెళ్ళయి గోదావరిఖనికి వచ్చిన కొత్తకు పోవాలి. మా ఊళ్ళో పొద్దును చూసి పని చేసేవాళ్ళం. అక్కడ బొగ్గుగని సైరన్ విని చేయాలి. సైరన్ మోగితే లేవడం, సైరన్ మోగితే పొయ్యి రాజేయడం, మళ్ళీ సైరన్ మోగితే కళ్ళు వాకిట్లో పెట్టుకుని కూర్చోవడం. కంపెనీ క్వార్టర్లు వరసగా, ఒకదాని వీపుకు ఒకటి ఆనుకుని ఉండేవి. రెండు గదులు, ముందు చిన్న వాకిలి. తెల్లవారకముందే ప్రతి వాకిట్లో ఒక బొగ్గు పొయ్యి వెలిగేది. పొగ లేచి మా వరసంతా మబ్బు కమ్మినట్టు ఉండేది. ఎదురింటి ఆమె మొఖం కనబడేది కాదు, దగ్గు మాత్రం వినబడేది. ఆ పొగ వాసన తలలోకి, పరుపుల్లోకి, ట్రంకుపెట్టెలో దాచిన పెళ్ళి చీరలోకి కూడా పోయింది. మొదట్లో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. కొన్నాళ్ళకు పుట్టింటికి పోతే ఆ వాసన లేక నిద్ర పట్టేది కాదు.

మా అత్త పోశవ్వ పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. కొడుకు షిఫ్టుకు పోయి వచ్చేవరకు ఆమె పొయ్యిలో నీళ్ళు చల్లనిచ్చేది కాదు. “వాడు కిందున్నప్పుడు మంట చంపద్దు” అనేది. ఆయన మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి కళ్ళు, పళ్ళు తప్ప మిగతా మనిషంతా నలుపే. బట్టల్లో బొగ్గు, చెమట, బ్లాస్టింగు మందు వాసన కలిసి ఉండేవి. వాకిట్లో బండ మీద కూర్చుంటే నేను వేడినీళ్ళు పోసి వీపు రుద్దేదాన్ని. మా అత్త మాత్రం కొడుకు వైపు చూసేది కాదు, మోరీలో పోయే నీళ్ళ వైపు చూసేది. మొదట నల్లగా పోయేవి, తరువాత మట్టిరంగు, ఆ తరువాత తెల్లగా. తెల్లనీళ్ళు పోయాకే, “ఇగ పెట్టు అన్నం” అనేది. అప్పటికి గాని ఆమె లెక్కలో కొడుకు పూర్తిగా పైకి వచ్చినట్టు కాదు.

ఆయన చొక్కా జేబులో ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దాని మీద ఆయన నంబరు కొట్టి ఉండేది. గనిలోకి దిగేముందు దీపాల గదిలో ఆ బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకుంటారు. బిళ్ళను అక్కడ బోర్డు మీద మేకుకు తగిలిస్తారు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. బిళ్ళ బోర్డు మీద ఉంటే మనిషి కింద ఉన్నట్టు. జేబులో ఉంటే పైన ఉన్నట్టు. అంతే లెక్క. చెమటకు, బొగ్గుకు ఆ బిళ్ళ రోజుల్లోనే మసకబారేది. మా అత్త చింతపండు పులుసులో కాస్త బూడిద కలిపి దాన్ని తోమేది. నేను వచ్చాక ఆ పని నాకు అప్పజెప్పింది. ఆయన స్నానం చేస్తుంటే నేను నల్లా దగ్గర కూర్చుని బొటనవేలితో నంబరు గాడిలో దాకా రుద్ది, కడిగి, ఆయన పాత ధోతి ముక్కతో తుడిచి, ఎండలో పెట్టేదాన్ని. “ఎందుకత్తా గింత తోముడు, ఏమన్న బంగారమా?” అని ఒకసారి అడిగితే, “బోర్డు మీద గన్ని బిళ్ళలుంటయి. మనది మెరవాలె. కింద ఉన్నడని కండ్లవడాలె” అన్నది.

ఆ మాట ఎంత నిజమో తరువాత తెలిసింది. ఒకరోజు మొదటి షిఫ్టు సైరన్ మోగి, అందరి మొగవాళ్ళు వచ్చి, స్నానాలు కూడా అయిపోయినా మా ఆయన రాలేదు. మా అత్త నన్ను వెంటబెట్టుకుని గని దగ్గరికి నడిచింది. దీపాల గదిలోని ముసలాయన కిటికీలోంచి తల బయటపెట్టి, “గీ మెరిసేది మీదేనా? అయితే ఇంక కిందనే ఉన్నడు. నేను కిందికి ఫోన్ కొట్టిస్త, ఫికర్ చెయ్యకుర్రి” అన్నాడు. బోర్డు మీద నల్లటి బిళ్ళల నడుమ మా బిళ్ళ ఒక్కటి ఎండపొడ పడి వెలుగుతున్నది. దాన్ని చూస్తూ నిలబడ్డాం. పట్టాలు తప్పిన బొగ్గు టబ్బును ఎత్తిపెట్టి ఆయన చివరకు వచ్చాడు. మా అత్త బిళ్ళ ఆయన చేతిలో పడేవరకు ఆగి, “నడు, నీళ్ళు కాగుతున్నయ్” అన్నది. దారంతా నా చెయ్యి పట్టుకునే నడిచింది. మామూలుగా ఆమె నా చెయ్యి పట్టుకునే మనిషి కాదు.

ఇంకొక పద్ధతి ఉండేది ఆమెకు. షిఫ్టుకు పోయే మనిషిని ఎవరూ “పో” అనకూడదు. “పోయి రా” అనాలి. ఆ వరసలో అన్ని ఇళ్ళల్లోనూ అంతే, కానీ మా అత్త మరీ పట్టింపు. కొత్తల్లో ఒకరోజు పొద్దున ఆయనతో దేనికో తగువు పడి “పోతే పో” అన్నాను. ఆయన సైకిలెక్కి పోయాడు. మా అత్త చేతిలో చీపురు అక్కడే పడేసి, చెప్పులు లేకుండా వరస చివరిదాకా ఉరికి, కొడుకు సైకిల్ వెనక బుట్ట పట్టుకుని ఆపింది. తోటి వాళ్ళు నవ్వులే నవ్వులు. “ఏందిర ఓదెలూ, మీ అవ్వ పాలు తాపనీకి పిలుస్తున్నదా?” అని ఒకడు, “కొత్త పెండ్లాం పిలిచిందనుకున్న, ముసలిదా?” అని ఇంకొకడు. ఆమె సైకిల్ వదలలేదు. ఆయన్ను తీసుకొచ్చి గద్దె మీద కూర్చోబెట్టి, గ్లాసెడు నీళ్ళు నాతో ఇప్పించి, తాగించి, “ఇప్పుడను” అని నా వైపు చూసింది. “పోయి రా” అన్నాను. సిగ్గుతో నేలకేసి చూస్తూ గొణిగాను. “ఇనవడలే” అన్నది. మళ్ళీ అన్నాను. ఆయన వెళ్ళాక నాతో, “కోపం అందరికి వస్తది బిడ్డా. తప్పు మాట అంటే అను. కని మళ్ళ పిలువు. పిలిస్తే సరిపాయె” అన్నది. ఆ రోజు ఆయన ఆలస్యంగా పోయి మాటలు పడ్డాడట. సాయంత్రం వచ్చి, “నీ ఒక్క మాటకు నాకు మస్టర్ పోయి దినం జీతం పోయేటట్టుండె” అని నవ్వాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పద్ధతి నాకు తెలియదని ఎవరూ అనుకోకూడదు. మాట ఎలా వెనక్కి తీసుకోవాలో కూడా నాకు చేసి చూపించారు. ఆయన గేటు దగ్గర అంతసేపు నిలబడ్డది గడియ కోసం కాదు. ఇప్పుడు నాకు అలా అనిపిస్తుంది.

ఆయన రిటైరైన రోజు పూలదండ వేసి, శాలువా కప్పి పంపారు. బిళ్ళ మాత్రం తీసుకున్నారు. ఇంటికి వచ్చి అన్నం తింటూ తింటూ ఖాళీ జేబు తడుముకున్నాడు. ఆ తరువాత ఆయనకు తోమే పిచ్చి పట్టింది. నా చేతులకు వాతం వచ్చింది, ఇత్తడి సామాను తోమలేకపోయేదాన్ని. ఆయన తలుపు గొళ్ళెం, నల్లా పిడి, రజిత స్కూటీ అద్దం చుట్టూ ఉన్న రేకు, ఏది దొరికితే అది చింతపండు పెట్టి తోమేవాడు. “ముసలోడైనంక సోకులు మొదలువెట్టిండు” అని సాయిలు ఆటపట్టించేవాడు. మేము క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడ చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఇక్కడికి సైరన్ వినబడదు. మధ్యాహ్నం ఓపెన్ కాస్టులో, అంటే పైనుంచే తవ్వే గనిలో, బ్లాస్టింగ్ అయినప్పుడు మాత్రం గూట్లో గిన్నెలు గలగలమంటాయి. ఆ చప్పుడు వినగానే ఆయన తల ఎత్తి, బొగ్గు రాలిందన్నట్టు, “పడ్డది” అనేవాడు. ఎవరికీ చెప్పినట్టు కాదు, ఊరికే.

రజిత పెళ్ళిళ్ళ వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. స్టూడియో వాళ్ళు తీసింది తెచ్చుకుని, కత్తిరించి, పాటలు కలిపి ఇస్తుంది. ఇదివరకు స్టూడియోలోనే కూర్చుని చేసేది. సొంత కంప్యూటర్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు, పని ఎక్కువ వస్తుంది అని, ఒక్కొక్క సామాను విడిగా తెప్పించి తనే బిగించుకుంటానన్నది. పెళ్ళిళ్ళ కాలం ముందుంది. పెద్ద పెళ్ళి ఒకటి ఆమెకే ఇస్తామని స్టూడియో వాళ్ళు మాటిచ్చారు. డబ్బాలు వచ్చిన రోజు ఉతికిన దుప్పటి నేల మీద పరిచి అన్నీ సర్దింది. ఆయన దుప్పటి అంచున, పురిటి బిడ్డ పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు.

“గిదేంది బిడ్డా?”

“మదర్ బోర్డు బాపు. అన్ని దీనికే తగిలిస్తరు.”

“ఫాదర్ బోర్డు లేదా?”

“లేదు బాపు.”

“అగో, గిక్కడ గూడ మనకు లెక్క లేదు” అని నా వైపు చూసి కన్ను గీటాడు.

వాటిలో జానెడు పొడుగు పట్టీలు రెండు ఉన్నాయి. అంచున బంగారు రంగు పళ్ళు వరసగా ఉన్నాయి. ర్యామ్ అంటారు వాటిని. కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు ఏది ఎక్కడ ఉందో యాది పెట్టుకునేవి అవేనని రజిత చెప్పింది. “ఎవ్వరు ముట్టొద్దు” అని చెప్పి, ఏదో పేస్టు తేవడానికి బజారుకు పోయింది. నేను పెరట్లో కరివేపాకు కోసుకుని వచ్చేసరికి ఆయన నల్లా దగ్గర బండ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చింతపండు గిన్నె, చేతిలో పట్టీ.

“ఏందయ్యా గది! ముట్టొద్దన్నది కదా పిల్ల!”

“పళ్ళు మసకగున్నయే. బిళ్ళ గిట్లుంటే దీపం ఇస్తరా? ఒక్కటే తోమిన, ఇంకొకటి ఉన్నది.”

“చాలు, లోపల పెట్టు. చూస్తే తిడ్తది.”

కడిగి, ధోతి ముక్కతో తుడిచి, కిటికీలో ఎండకు పెట్టి, ఆరాక దుప్పటి మీద ఎలా ఉన్నదాన్ని అలా పెట్టాడు. రెండోది అలాగే ఉండిపోయింది. “చెప్పకే” అన్నాడు. నేనూ చెప్పలేదు. పెద్ద సంగతి అనుకోలేదు.

రజిత అన్నీ బిగించింది. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. ముగ్గురం సంబరపడ్డాం. ఇక ఓఎస్ ఎక్కించాలన్నది. అది ఎక్కితేనే కంప్యూటర్ మన మాట వింటుందట. పెన్ డ్రైవ్ పెట్టింది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి, తిరిగి తిరిగి సగం దాకా పోయి, తెరంతా నీలం అయి, మూతి ముడుచుకున్న బొమ్మ ఒకటి వచ్చింది. ఆయన ముందుకు వంగి చూసి, “అగో, మీ అమ్మే వచ్చి కూసున్నది అందుల” అన్నాడు. నేనూ నవ్వాను. మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ఈసారి ఇంకొంచెం ముందుకు పోయి ఆగింది. ఇంకోసారి మొదట్లోనే ఆగింది. ఒక్కోసారి ఒక్కో చోట. రజిత పెన్ డ్రైవ్‌లో అంతా చెరిపి మళ్ళీ ఎక్కించింది. ఇంకొకరి పెన్ డ్రైవ్ తెచ్చింది. ఒకసారి సరిగ్గా గిన్నెలు గలగలమన్నప్పుడే నీలం తెర వస్తే బ్లాస్టింగుకు కరెంటు ఊగుతున్నదేమో అనుకుని యూపీఎస్ పెట్టింది. వేడెక్కుతున్నదేమో అని పెట్టె పక్క అద్దం తీసి, టేబుల్ ఫ్యాన్ పెట్టింది. నేను నిమ్మకాయ, మిరపకాయలు కట్టాను. ఏం చేసినా అదే మూతి. రోజులు గడిచేకొద్దీ ఆ బొమ్మ చూసి ఎవరమూ నవ్వలేదు.

స్టూడియో వాళ్ళు ఫోన్ చేస్తున్నారు. పిల్ల అన్నం సగంలో లేస్తున్నది. అప్పుడు నేను చెప్పాను. “మీ బాపు ఒకదాన్ని చింతపండు పెట్టి తోమిండు బిడ్డా.”

ఆమె మౌస్ మీది నుంచి చెయ్యి తీసింది. అరిచినా బాగుండేది. “ఏది బాపు?” అని మెల్లగా అడిగింది. ఆయన వేలు పెట్టి చూపించాడు. మెరుస్తున్నది కాబట్టి చూపించనవసరం కూడా లేదు. దాన్ని ఊడదీసి, కాగితంలో చుట్టి అల్మారాలో పడేసింది. రెండోదాన్ని ఒక్కదాన్నే ఉంచి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ నీలం తెర. “ఇగ అయిపాయె. తడి దిగి బోర్డే పోయినట్టుంది” అన్నది. కొన్నచోటుకు ఫోన్ చేస్తే, నీళ్ళు తగిలితే మా పూచీ లేదన్నారు. ఆయన గోడకు ఆనుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బిడ్డ ముందు నోరు తెరవలేదు.

మరునాడు పొద్దున రజిత, ఆ పెళ్ళి వేరేవాళ్ళకు ఇచ్చుకోండని చెప్పడానికి స్టూడియోకు పోయింది. పోతుంటే దాని మొఖం చూశాను. ఆ మొఖం చూసిన కోపమంతా తెచ్చి ఆయన మీద పోశాను. అప్పుడు ఆయన అన్నది, నేను అన్నది, మొదట్లోనే చెప్పాను.

ఆయన పోయాక ఇల్లంతా చుట్టాలు. కంప్యూటర్ మీద అదే దుప్పటి కప్పి మూలకు నెట్టారు. బిడ్డకు చెప్పమన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. మరిచిపోలేదు. చెబితే ఆ తరువాత నేనన్న మాట కూడా చెప్పాల్సి వస్తుంది. పెద్దకర్మ అయి అందరూ వెళ్ళిపోయారు. ఒక మధ్యాహ్నం ఆయన ఫోటో ముందర పెట్టే దీపపు కుంది నల్లబడిందని నల్లా దగ్గర కూర్చుని చింతపండు పిసికాను. ఆ పుల్లటి వాసన ముక్కుకు తగిలింది. వేళ్ళు నొప్పి పెడుతున్నా బొటనవేలు దానంతటదే గాడిలోకి పోయింది. ‘నువ్వు నా బిళ్ళ తోమినట్టే తోమిన.’ ఆ మాట ఆయన అన్నప్పుడు నేను వినలేదు. అప్పుడు విన్నాను. ఏళ్ళ తరబడి మోరీ పక్కన స్నానం చేస్తూ ఆయన నా చేతులనే చూశాడన్నమాట. కిందికి పోయే ప్రతిసారీ మెరిసే బిళ్ళ ఇచ్చి పోయాడు, ప్రతిసారీ వచ్చి తీసుకున్నాడు. బిడ్డ కొత్త పనిలోకి దిగుతున్నదని ఆమెకూ అలాగే తోమి ఇచ్చాడు. ఆ చింతపండు, ఆ ధోతి ముక్క, ఎండలో పెట్టడం, అన్నీ నావే. చేతులే ఆయనవి. నా పనిని నేనే గుర్తుపట్టక తిట్టాను.

తడి చేతులతోనే లోపలికి పోయాను.

“రజితా, మీ బాపు అది పెట్టి చూడమన్నడు.”

“ఏది?”

“తోమినది. అదొక్కటే పెట్టి చూడమన్నడు.”

“ఎప్పుడన్నడమ్మా?”

“పోయిన రోజు. పొద్దుగాల.”

ఆమె నా వైపు చూసింది. “తడి తగిలినదాన్ని పెడితే ఏమొస్తదమ్మా” అన్నది గానీ లేచింది. దుప్పటి తీసింది. అల్మారాలోంచి కాగితం పొట్లం తెచ్చి విప్పింది. ఇన్నాళ్ళయినా ఆ పళ్ళు మెరుస్తూనే ఉన్నాయి. లోపల ఉన్నదాన్ని తీసి దీన్ని పెట్టి, పెన్ డ్రైవ్ గుచ్చింది. చుక్కలు తిరగడం మొదలైంది. సగం దాకా పోయింది. సగం దాటింది. అంతలో గిన్నెలు గలగలమన్నాయి. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. “పడ్డది” అనే మనిషి లేడు. చుక్కలు ఆగలేదు. తెర ఒకసారి నల్లబడి, మళ్ళీ వెలిగి, ఏదో రంగుల బొమ్మ వచ్చి నిలబడింది. అయిపోయిందా అని అడిగాను. తల ఊపింది. మళ్ళీ మళ్ళీ ఆపి వేసి చూసింది. ఒక్కసారి కూడా మూతి ముడవలేదు. తరువాత రెండోదాన్ని ఒక్కదాన్నే పెట్టి చూసింది. నీలం తెర.

“అమ్మా, గిది వచ్చినప్పటిసందే చెడ్డది. బాపు ముట్టనిది గిది” అన్నది. “బాపు తోమింది మంచిది. మంచిదాన్ని తీసి అల్మారాల పెట్టి, చెడ్డదాన్ని పట్టుకొని కూసున్న. దాన్నొక్కదాన్ని పెట్టి చూడాలని నాకెందుకు తోచలే?” ఎందుకు తోచలేదో నాకు తెలుసు. తప్పు ఎవరిదో ముందే తేల్చి ఇచ్చింది నేను. ఆమె నల్లా దగ్గరికి పోయి మొఖం కడుక్కుంటూ చాలాసేపు ఉంది. నేను వచ్చి కుంది తోమడం పూర్తి చేశాను.

చెడ్డపట్టీని పంపితే మారుమాట లేకుండా కొత్తది పంపారు. అది ఇంకా డబ్బాలోనే ఉంది. రజిత పెట్టడం లేదు. ఒక్క పట్టీతో కంప్యూటర్ మెల్లగా నడుస్తుంది, పెళ్ళి వీడియో పూర్తవడానికి రోజంతా పడుతుంది. పెట్టుకోమంటే, “నడుస్తున్నది కదమ్మా” అంటుంది. పక్క అద్దంలోంచి చూస్తే కింద ఆ పళ్ళ అంచు సన్నగా కనబడుతుంది.

గుండెపోటు ఎవరి మాటకూ రాదు, ఎవరి మాటకూ ఆగదు అని అందరూ చెప్పారు. సాయిలు అయితే, “చాయ్ తాగుకుంట నవ్వుకుంటనే ఉండె వదినా, నీ మీద ఒక్క మాట గూడ అనలే” అన్నాడు. అది నన్ను ఊరడించడానికి అన్నాడు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. క్వార్టర్ల రోజుల్లో మా చేతిలో ఏమీ లేదు. ఫోన్ లేదు, మనిషి ఎక్కడున్నాడో చెప్పేది ఒక ఇత్తడి ముక్క. అయినా అన్నమాట వెనక్కి తీసుకోవడానికి ఒక ముసలామె చెప్పుల్లేకుండా ఉరికింది. ఆయన పోయిన రోజు పొద్దున నేను చెయ్యి చాచితే అందేంత దూరంలో ఫోన్ ఉంది, గేటు పది అంగలు కూడా లేదు, బిందెలో నీళ్ళు ఉన్నాయి. గ్లాసెడు నీళ్ళివ్వడానికి ఏం అడ్డం వచ్చింది? బియ్యంలో రాళ్ళు కూడా లేవు. ఊరికే ఏరుతున్నాను.

ఆయన గేటు దాటాక వంగి చూశాను, అది కూడా చెప్పాలి. వీధి మలుపు దాకా కనిపించాడు. పిలవబోయి, సాయంత్రం వస్తాడు కదా, అప్పుడు మాట్లాడదాంలే అనుకున్నాను. మా అత్త బతికి ఉంటే నన్ను మెడపట్టి రోడ్డు మీదికి నెట్టేది.

టైపు ఆపకు బిడ్డా. ఆపినవ్, చప్పుడు ఇనవడుతలేదు. కండ్లు తుడుచుకో, ఏం కాదు. నువ్వు ఆయిన్ని ఒక్క మాట గూడ అనలే, నీ తప్పు ఇందుల రాయకు. నాది నాకు చాలు. ఇగ చదువు. మొదటిసంది చదువు, జల్ది చదవకు. నేను ‘పో’ అన్నకాడ, అమ్మ మంచిగ కనవడాలెనని, పక్కన ‘రా’ గిట్ల కలిపినవేమో, నాకు చదువరాదు కద. కలిపితే తీసెయ్. నేనన్లే. ఊఁ, చదువు.